దత్తపిల్లల సంగతి: బాప్తిస్మం క్లాసులో నేను వినే అపోహలు

బెంగళూరు కె.ఆర్.పురంలో మా తెలుగు క్రైస్తవ సంఘానికి సొంత గుడి లేదు. ఒక స్కూలు హాలు అద్దెకు తీసుకుని ఆదివారం ఆరాధన, శనివారం సాయంత్రం బాప్తిస్మం క్లాసు జరుపుకుంటాం. వచ్చేవాళ్లలో సగం మంది మారతహళ్లి పీజీల పిల్లలే. రక్షణ అంటే ఏమిటని అడిగితే "పాప క్షమాపణ" అని టక్కున చెబుతారు. అక్కడితో పని అయిపోయిందని వాళ్ల లెక్క. బైబిల్లో ఉత్తరాలు రాసిన అపొస్తలుడు పౌలు ఇంకో అడుగు వేసి 'దత్తపుత్రాత్మ' అంటాడు, అంటే మనల్ని దేవుడి దత్తపిల్లలుగా చేసే ఆత్మ. తిప్పలన్నీ ఆ మాట దగ్గరే.

అపోహ: ఎంత పెంచుకున్నా కన్నబిడ్డతో సమానమా?

ఇది పెద్దవాళ్ల నోట ఎక్కువగా వింటాను. తప్పు వాళ్లది కాదు. హిందువులకు 1956 నుంచి దత్తత చట్టం ఉంది, క్రైస్తవులకు అలాంటిది లేదు. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద సంరక్షకులుగా ఉండేవాళ్లు, అంతే. పెంచిన బిడ్డకు ఏమైనా దక్కాలంటే వీలునామా రాయాల్సిందే. బాలల న్యాయ చట్టం 2000లో వచ్చి, తర్వాత సవరణలు జరిగి, 2015లో కొత్త చట్టం అయ్యాక గానీ మనవాళ్లకు పూర్తి దత్తతకు దారి గట్టిపడలేదు. అందుకే రోమా పత్రికలో, అంటే రోమాలోని విశ్వాసులకు పౌలు రాసిన ఉత్తరంలో, ఆ మాట చదవగానే మా పెద్దలకు, అన్నదమ్ములు పొలం పంచుకుంటుంటే గుమ్మం దగ్గర నిలబడిపోయిన పెంపుడు కొడుకు గుర్తొస్తాడు.

పౌలు ఎరిగిన దత్తత వేరు. ఆయన వాడిన గ్రీకు మాట 'హుయోథేసియ' కొత్త నిబంధనలో ఐదుసార్లే వస్తుంది. ఐదూ రోమా, గలతీ, ఎఫెసీ పత్రికల్లోనే. ఆ పత్రికలు అందుకున్నవాళ్లంతా రోమా ఏలుబడిలో బతికేవాళ్లు. అక్కడి పెద్దింటివాళ్లు దత్తత తీసుకునేది ఎక్కువగా ఎదిగిన మగవాళ్లను, ఇంటిపేరూ ఆస్తీ నిలబెట్టడానికి. జూలియస్ సీజర్ తన వీలునామాలో ఆక్టేవియన్‌ను కొడుకుగా రాశాడు. ఆ ఆక్టేవియనే అగస్టస్ చక్రవర్తి అయ్యి, క్రీ.శ. 4లో తిబెరిని దత్తత తీసుకున్నాడు. అప్పటికి తిబెరికి 44 ఏళ్లు! లూకా మూడో అధ్యాయంలో మనం చదివే తిబెరి కైసరు ఆయనే. పెంపుడు చక్రవర్తి అని ఎవరైనా తీసిపారేశారా?

అపోహ: 'అబ్బా' అంటే చంటిపిల్లలు పిలిచే 'డాడీ'.

ముందు ఒక మాట. ఆ దత్తపుత్రాత్మ వల్లే మనం దేవుణ్ణి 'అబ్బా, తండ్రీ' అని పిలుస్తామంటాడు పౌలు. మా క్లాసులో ఒకమ్మాయి దాన్ని నొప్పితో మూలగడం అనుకుంది. తెలుగు చెవికి అలాగే వినిపిస్తుంది మరి! అది యేసు కాలంలో యూదులు మాట్లాడిన అరామిక్ భాషలోని మాట. చంటిపిల్లల ముద్దుమాట అని ప్రసంగాల్లో చెప్పేవాళ్లు చాలామంది, ఒకప్పుడు నేనూ చెప్పాను. పెద్దయిన పిల్లలు కూడా తండ్రిని అలాగే పిలిచేవాళ్లని భాషా పండితులు ఎప్పుడో తేల్చారు. శివాజీనగర్లో ఒక దుకాణంలో యాభై దాటిన ఆసామి, గల్లా దగ్గర కూర్చున్న ముసలాయన్ను "అబ్బా" అని పిలిచి చిల్లర అడగడం విన్నాను. ఉర్దూలో కూడా తండ్రికి అదే పిలుపు. చనువుంది, గౌరవమూ ఉంది. అప్పటినుంచి 'డాడీ' చెప్పడం మానేశాను.

అపోహ: బుద్ధిగా ఉన్నంతకాలమే కొడుకు.

మా సంఘంలో ఒక అక్కా వాళ్లాయనా ఏడేళ్ల పాపను దత్తత తీసుకున్నారు. దత్తత ఆర్డరు చేతికొచ్చి నెలలు గడిచినా ఆ పాప చెమటలు కారుతూ స్విచ్ దగ్గర నిలబడి, "ఆంటీ, ఫ్యాన్ వేసుకోనా?" అని అడిగేది. ఏప్రిల్లో ఒక ఆదివారం వాళ్లింటికి భోజనానికి వెళ్లాను. పాప బయటినుంచి పరుగెత్తుకొచ్చి ఫ్యాన్ ఐదులో పెట్టింది. నా ఆకు చివర లేచి అప్పడం కింద పడింది. "అమ్మా, అంకుల్‌కి ఇంకో అప్పడం!" అని కేకేసి టీవీ ముందు కూలబడింది. అక్క వంటింట్లోంచి చాలాసేపు బయటికి రాలేదు.

ఆ పాప కూతురైంది ఆర్డరు వచ్చిన రోజునే, అప్పడం పడిన రోజున కాదు. 'మరల భయపడుటకు దాస్యపు ఆత్మ' అని పౌలు అన్నది ఆ స్విచ్ దగ్గర నిలబడటాన్నే అని నాకనిపిస్తుంది. రక్షణ పోగొట్టుకోవచ్చా లేదా అన్నది సంఘాల మధ్య పాత పేచీ. కాల్విన్ అనే సంస్కర్త దారివాళ్లు పోదంటారు, వెస్లీ అనే బోధకుడి దారివాళ్లు మనిషి తానే వదులుకోవచ్చంటారు. రోజువారీ మార్కులు లెక్కేసి కొడుకును చేస్తారని మాత్రం ఇద్దరూ అనరు.

అపోహ: కొత్త కుటుంబం వచ్చింది కాబట్టి కన్నవాళ్లతో పనిలేదు.

అనంతపురం నుంచి ఒక పెద్దాయన రాత్రి బస్సెక్కి వచ్చి, సంచి చంకన పెట్టుకునే నన్ను నిలదీశాడు: "మావాణ్ణి మీరు దత్తత తీసుకున్నారంట కదా సామీ!" నాకు నోట మాట రాలేదు. కుర్రాడు ఇంటికి డబ్బు పంపి మూడు నెలలైందట. జీతంలో మిగిలిందంతా మా కానుకల పెట్టెలో వేస్తున్నాడట. మాకు తెలియదు అనడం తేలికే, అడగకపోవడం మా తప్పు.

చట్టంలో దత్తత జరిగితే కన్నవాళ్లతో బంధం తెగుతుంది. రక్షణకు ఆ పోలిక అక్కడిదాకా సాగదు. 'కొర్బాను', అంటే దేవుడికి అర్పితం, అని పేరు పెట్టి తల్లిదండ్రులకు చేయాల్సింది ఎగ్గొట్టినవాళ్లను యేసు మార్కు ఏడో అధ్యాయంలో గట్టిగా కడిగేశాడు. సిలువ మీద ఉండి కూడా తల్లిని శిష్యుడికి అప్పగించాడు. ఆ కుర్రాడి చేత ఆ భాగం పెద్దాయన ఎదుటే చదివించాను. కమిటీతో మాట్లాడి ఆ మూడు నెలల కానుక ఆయన చేతికే ఇచ్చేశాం.

అపోహ: 'కుమారులు' అన్నారు, అమ్మాయిలకు వాటా లేదు.

ఆడపిల్ల అంటే 'ఆడ'కు పోయే పిల్ల అనే ఊళ్ల నుంచి వచ్చినవాళ్లం, ఈ అనుమానం సహజమే. కొడుకు హోదా అంటే వారసుడి హోదా. గలతీ పత్రికలో స్త్రీ పురుష భేదం లేదని చెప్పిన కాసేపటికే ఈ దత్తత మాట వస్తుంది.

అపోహ: ఇదంతా నాకూ దేవుడికీ మధ్య సంగతి.

తండ్రి వచ్చాడంటే అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ వచ్చినట్టే. వాళ్లను మనం ఎంచుకోలేదు. ప్రార్థనలో అందరూ 'బ్రదర్', 'సిస్టర్'. పెళ్లి మాటల దగ్గరికొచ్చేసరికి "పిల్ల విశ్వాసురాలే గానీ, మనవాళ్లు కాదంట అయ్యగారూ" అని ఫోన్లు. మొన్న మా సంబంధాల రిజిస్టర్లో 'కులం' గడి కొట్టేశాను. వారం తిరక్కుండా ముగ్గురు తమ ఫారాలు వెనక్కి తీసుకున్నారు. ముగ్గురూ పాత సభ్యులే, ఒకాయనైతే నా క్లాసులోనే బాప్తిస్మం తీసుకున్నవాడు.