సీసాలో ఒకేలా ఉన్న రెండు షేడ్లు ఒకటే అవుతాయా? నెయిల్ పాలిష్ అపోహలు - వాస్తవాలు

నెయిల్ టెక్నీషియన్‌గా నేను కూర్చునే బల్ల దగ్గర అందరికంటే ఎక్కువగా వినబడే ప్రశ్న ఒకటుంది. రెండు సీసాలు పక్కపక్కన పెట్టి, "ఇవి రెండూ ఒకటే కదండీ, ఇది అయిపోతే అది వేసుకోవచ్చు కదా?" అని అడుగుతారు. అడిగేవారి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. దగ్గరి షేడ్లను ఎలా పోల్చాలో ఏ సీసా మీదా రాసి ఉండదు. ఏమీ పరీక్షించకుండానే "అచ్చు అదే" అని తేల్చి చెప్పేవారే నాకు విసుగు తెప్పిస్తారు.

అపోహ: సీసాలో ఒకేలా కనిపిస్తే గోటి మీదా ఒకేలా కనిపిస్తుంది.

వాస్తవం: డబ్బు వృథా చేసేదీ, వేసిన పాలిష్ మొత్తం తుడిపించేదీ ఎక్కువగా ఈ నమ్మకమే. సీసాలో మనం చూసేది మందమైన ద్రవాన్ని. అంత మందంలో ఎంత పలుచని రంగైనా చిక్కగానే కనిపిస్తుంది. గోటి మీద ఎథైల్ అసిటేట్, బ్యూటైల్ అసిటేట్ వంటి ద్రావకాలు ఆవిరైపోయాక మిగిలేది ప్రధానంగా పొరగా గట్టిపడే నైట్రోసెల్యులోజ్, దానిలో చిక్కుకున్న పిగ్మెంటు, అంటే రంగునిచ్చే పొడి. దాని మందం మిల్లీమీటరులో చిన్న భాగం. టైటానియం డయాక్సైడ్ అనే తెల్లని పిగ్మెంటు దండిగా ఉన్న షేడ్ కింది గోటిని పూర్తిగా కప్పేస్తుంది. అది లేని జెల్లీ రకం షేడ్ గోటి గులాబీ రంగునూ, కొసన ఉండే తెల్లని అంచునూ బయటపెడుతుంది. అందువల్ల సీసాల్లో కవలల్లా ఉన్నవి రెండు పూతల తరువాత ఒకటి ముదురుగా, మరొకటి వెలిసినట్టుగా తేలడంలో వింతేమీ లేదు.

కాబట్టి నేను సీసాలను పోల్చను, పూతలను పోలుస్తాను. పారదర్శకమైన ప్లాస్టిక్ టిప్పు (కృత్రిమ గోరు) ఒకటి తీసుకొని, నిలువునా ఎడమ సగానికి ఒక షేడ్, కుడి సగానికి మరొకటి, నడుమ రెండు అంచులూ తగిలేలా వేస్తాను. రెండింటికీ అన్నే పూతలు, చివర పైన వేసే టాప్ కోటు కూడా అదే. పూర్తిగా ఆరే వరకు తీర్పు చెప్పను, ఎందుకంటే తడి పూతకూ ఆరిన పూతకూ రంగులో తేడా ఉంటుంది. ఆరిన టిప్పును సగం తెలుపు, సగం నలుపు ఉన్న అట్టపై పెడితే ఏ షేడ్ ఎంత కప్పుతుందో వెంటనే తెలిసిపోతుంది. అంచులు ఎందుకు తగలాలంటే, మన కన్ను రంగును సరిగా గుర్తుపెట్టుకోలేదు గాని, రెండు రంగులు కలిసే చోట సన్నని గీతను ఇట్టే పట్టేస్తుంది. వేరువేరు వేళ్లకు వేసి చూసేవారికి ఆ గీత దొరకదు.

ఇక వెలుతురు సంగతి. రెండు రంగులు ఒక వెలుతురులో కలిసిపోయి మరొక వెలుతురులో విడిపోవడాన్ని మెటామెరిజం అంటారు. ఒకే ఎరుపును వేరువేరు పిగ్మెంట్లతో సాధించవచ్చు, ఒక్కొక్క పిగ్మెంటు కాంతిని ఒక్కొక్క విధంగా పీల్చుకుంటుంది. రంగుల ప్రయోగశాలల్లో పగటి వెలుగుకు ప్రమాణమైన 6500 కెల్విన్ల (కాంతి రంగును తెలిపే కొలమానం) కాంతిలోనూ, పాత ఫిలమెంటు బల్బును పోలిన 2856 కెల్విన్ల కాంతిలోనూ విడివిడిగా చూసేది ఇందుకే. మనకు అంత హంగు అక్కరలేదు, కిటికీ పక్కన ఒకసారి, పసుపు బల్బు కింద ఒకసారి చూస్తే చాలు.

నా దగ్గరికి వచ్చే లెక్చరర్ ఒకరు ఉంగరపు వేలి గోటి మీద పెచ్చు ఊడితే, రాత్రి బల్బు వెలుతురులో స్నేహితురాలి సీసాతో ఆ ఒక్క గోటికీ వేసుకున్నారు. అప్పుడు సరిగ్గా కలిసిందట. పొద్దున బయటికి వెళ్లేసరికి ఆ గోరు ఒక్కటే వంకాయ రంగుకు తిరిగి కనిపించింది. ఒకరు ఒంట్లో వేడి చేసిందన్నారు, మరొకరు కాలేయం చూపించుకోమన్నారు. పిడికిలి ముడుచుకునే వచ్చారు పాపం. కిటికీ దగ్గర ఒకసారి, దీపం కింద ఒకసారి చేయి పెట్టించాక ఆమె ముఖం తేటపడింది. పాలిష్ తీసేస్తే కింద గోరు ఏ మచ్చా లేకుండా ఉంది. వేడికి రంగు మారే థర్మల్ పాలిష్‌లు ప్రత్యేకంగా ఉంటాయి. మామూలు పాలిష్ ఒంటి వేడికి రంగు మార్చుకోదు. పాలిష్ తీసేశాక కూడా గోటిలోనే కొత్తగా నల్లని చార కనిపిస్తే మాత్రం నన్ను కాదు, చర్మవైద్యులను అడగాలి.

అపోహ: పదార్థాల పట్టిక ఒకటే కాబట్టి షేడ్ కూడా ఒకటే, లేబుల్ మాత్రమే వేరు.

వాస్తవం: ఈ పుకారును ఎన్నిసార్లు ఖండించినా మళ్లీ తలెత్తుతుంది. "ఉండవచ్చు" అనే మాట తరువాత వచ్చే సీఐ 77891, సీఐ 15850 వంటి సంఖ్యలు (రంగు పదార్థాలను గుర్తించే కలర్ ఇండెక్స్ సంఖ్యలు) తరచుగా ఆ శ్రేణిలోని షేడ్లన్నింటికీ కలిపి ఇచ్చినవి. మీ సీసాలో ఏది ఎంత ఉందో వాటిని బట్టి తెలియదు.

అపోహ: ఫొటోలో పోల్చుకుంటే సరిపోతుంది.

వాస్తవం: సరిపోదు. ఫోను వైట్ బ్యాలెన్స్‌ను, అంటే వెలుతురును బట్టి రంగులను దిద్దే అమరికను, తనంతట తానే సర్దేస్తుంది, నియాన్ షేడ్లనైతే తెర యథాతథంగా చూపజాలదు.

అపోహ: పాత సీసాకూ కొత్త సీసాకూ రంగు కలవలేదంటే కొత్తది నకిలీ.

వాస్తవం: అంత తొందర వద్దు. పిగ్మెంటు అడుగుకు దిగి ఉండవచ్చు, ముందు సీసాను అరచేతుల మధ్య దొర్లించండి. నైట్రోసెల్యులోజ్ కాలక్రమేణా పసుపెక్కుతుంది గనుక పాత తెలుపు, లేత నీలం షేడ్లు మారి ఉండటం సహజం. బ్యాచ్‌కూ బ్యాచ్‌కూ కొద్దిపాటి తేడా ఉండనే ఉంటుంది.

మెరుపు షేడ్లను పోల్చేటప్పుడు టిప్పును తప్పక వంచి చూడండి. మెరుపునిచ్చే మైకా (అభ్రకం) రేకులు బ్రష్ లాగిన దిక్కుకు పడుకుంటాయి కాబట్టి రెండింటినీ ఒకే దిక్కుకు వేయాలి. నేరుగా ఒకేలా ఉన్న రెండు ఎరుపుల్లో ఒకటి, పక్కకు వంచగానే నీలి మెరుపును బయటపెట్టవచ్చు.

పెచ్చు ఊడి, అదే సీసా దొరకనప్పుడు దగ్గరి షేడ్‌తో ఆ ఒక్క గోటిని సర్దకండి. రెండు చేతుల్లోనూ అదే వేలికి బాగా వేరైన రంగు వేయించుకోండి, అది కావాలని వేసుకున్నట్టే కనిపిస్తుంది.