గోపురం మెట్ల మీద విన్న కబుర్లు: చర్చి గంట గురించి అపోహలు - వాస్తవాలు

చర్చి గంటలను తనిఖీ చేయడం, మరమ్మతు చేయడం, మళ్లీ వేలాడదీయడం నా వృత్తి. పని ఒప్పుకునే ముందు ఒకసారి గోపురం ఎక్కి చూస్తాను. నాతోపాటు సంఘ పెద్దలలో ఎవరో ఒకరు మెట్లెక్కుతారు. పైకి చేరేలోగా గంట పుట్టుపూర్వోత్తరాలన్నీ చెప్పేస్తారు. వాటిలో సగం నిజం, మిగతా సగం నోటినోటా పెరిగిన కథ. కథల మీద నాకు కోపమేమీ లేదు. ఆయాసపడుతూ మెట్లెక్కే వేళ అవే తోడు. కానీ కథను నమ్ముకుని గంటకు చేయకూడని పని చేసినప్పుడు, పగిలిన గంట చివరికి నా చేతికే వస్తుంది. అందుకే తరచుగా వినేవాటిలో కొన్నింటిని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: గంట మీద ఉన్న సంవత్సరమే మన సంఘం పుట్టిన సంవత్సరం.

అది ఆ గంటను పోత పోసిన సంవత్సరం. అంతకుమించి అది ఏమీ చెప్పదు. గంట పగిలితే అదే లోహాన్ని కరిగించి మళ్లీ పోయడం వందల ఏళ్లుగా ఉన్న పద్ధతి. పారిస్‌లోని నోత్రదామ్ చూడండి. కట్టడం మొదలైంది 12వ శతాబ్దంలో. అక్కడి ఇమ్మాన్యుయేల్ అనే పెద్ద గంటను, సుమారు 13 టన్నులది, అంతకుముందున్న గంటను కరిగించి 1680లలో పోశారు. ఫ్రెంచి విప్లవ కాలంలో ఆ చర్చి మిగతా గంటలు కొలిమి పాలయ్యాయి. ఇప్పుడు ఇమ్మాన్యుయేల్‌తో కలిసి మోగే తొమ్మిది గంటలు 2013లో వచ్చినవి. ఒకే చర్చిలో మూడు వందల ఏళ్ల తేడా ఉన్న గంటలు పక్కపక్కన మోగుతున్నాయి.

గంట ఒక ఊరిది, గోపురం మరో ఊరిది అయిన సందర్భాలూ ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధంలో రాగి, తగరం కోసం నాజీ ప్రభుత్వం జర్మనీలోనూ, ఆక్రమించిన దేశాలలోనూ చర్చి గంటలను దింపించింది. వయసును, చారిత్రక విలువను బట్టి వాటిని ఎ, బి, సి, డి అని నాలుగు తరగతులుగా విభజించారు. ఎ తరగతివి ముందుగా కొలిమికి వెళ్లాయి. బాగా పాతవైన డి తరగతి గంటలను మాత్రం గోపురాలలోనే ఉండనిచ్చారు. కరిగిపోయినవి సుమారు లక్షన్నర. యుద్ధం ముగిసేనాటికి హాంబర్గ్ రేవులో వేల గంటలు వరసలుగా పడి ఉన్నాయి. జనం ఆ స్థలాన్ని గంటల శ్మశానం అన్నారు. వాటిలో తూర్పు ప్రాంతాల నుంచి తెచ్చిన సుమారు 1,300 గంటలను పశ్చిమ జర్మనీ చర్చిలకు అరువుగా ఇచ్చారు. అలా వచ్చిన గంట కింద పెరిగి పెద్దయిన మనిషి అది తమ సంఘానిదే అనుకోవడంలో ఆశ్చర్యమేముంది? చదవడం వచ్చినవాడు గంట మీద వేరే ఊరి పేరు చూసి నివ్వెరపోతాడు.

అపోహ: బంగారం, వెండి కలిపారు కాబట్టే మా గంటకు అంత మంచి నాదం.

కంచు మోగినట్టు కనకం మోగదని మనవాళ్లు ఊరికే అనలేదు. గంట లోహంలో దాదాపు 78 పాళ్లు రాగి, 22 పాళ్లు తగరం. మామూలు కంచు సామానులో కంటే ఇందులో తగరం చాలా ఎక్కువ. తగరం ఎక్కువైతే లోహం గట్టిపడుతుంది, కంపనం ఎక్కువసేపు నిలుస్తుంది. దానితోపాటే పెళుసుదనమూ వస్తుంది. గంట మోగడానికీ, పగలడానికీ కారణం ఒకటే. ఇక వెండి మెత్తని లోహం. అది కలిస్తే మోత మందగిస్తుందే తప్ప తియ్యబడదు.

మరి స్త్రీలు నగలు తీసి ఇచ్చారనే కథ? అది అబద్ధమని నేను అనను. ఇచ్చే ఉంటారు. ఆ నగలు కొలిమిలోకి కాకుండా ఖర్చుల పుస్తకంలోకి వెళ్లి ఉంటాయి.

అపోహ: దుఃఖంలో పోసిన గంట కాబట్టి దాని గొంతులో విషాదం ఉంది.

ఈ మాట ఎన్నో చోట్ల విన్నాను. ప్రతిసారీ ఒక మరణకథ కూడా వెంట వస్తుంది. నిజానికి ఆ విషాదం దాదాపు ప్రతి చర్చి గంటలోనూ ఉంది. కారణం దాని ఆకారం. తీగను మీటితే అసలు స్వరంతోపాటు పుట్టే ఉపస్వరాలు ఒక క్రమంలో ఉంటాయి. గంట అలా కాదు. మన సంగీతం మాటల్లో చెప్పాలంటే, చక్కగా శ్రుతి చేసిన గంటను ఒక్కసారి కొడితే మంద్ర షడ్జం, మధ్య షడ్జం, సాధారణ గాంధారం, పంచమం, తార షడ్జం కలిసి పలుకుతాయి. అందులోని సాధారణ గాంధారమే మనకు దిగులుగా వినిపించేది. 1980లలో నెదర్లాండ్స్‌లో కంప్యూటర్ సాయంతో గంట ఆకారాన్ని మార్చి, దాని స్థానంలో కాస్త ఎత్తైన అంతర గాంధారం పలికే గంటలను పోశారు. వాటి మోత హుషారుగానే ఉంటుంది. నా చెవికి మాత్రం అది గంటలా అనిపించదు. అలవాటు అలాంటిది.

ఇంకో వింత ఉంది. కొట్టిన క్షణంలో 'ఈ గంట ఈ శ్రుతిది' అని మనకు తోచే స్వరం, విడివిడిగా కొలిస్తే దొరికే కంపనాలలో ఏదో ఒకటి కానక్కరలేదు. పై స్థాయి కంపనాలను కలుపుకుని మన చెవి, మెదడు కట్టుకునే స్వరం అది. గంట శ్రుతి మార్చాలంటే బోర్లించిన గంటను లేతు యంత్రం మీద తిప్పుతూ లోపలి వైపు నుంచి లోహాన్ని కొద్దికొద్దిగా చెక్కాలి. చెక్కింది మళ్లీ అతకదు. అందుకే నేను పాత గంటల శ్రుతి సవరణకు తొందరగా ఒప్పుకోను. ఊరంతా ఆ అపశ్రుతికే అలవాటుపడి ఉంటుంది.

అపోహ: చలికి పగిలింది, ఇక అది పనికిరాదు.

చలి మీద నింద వేయడం తేలిక. నేను చూసిన పగుళ్లలో ఎక్కువ వాటికి కారణం మనుషులే. ఒక గోపురంలో ఏం చూశానో చెబుతాను. గంట మోత కొన్నాళ్లుగా కుండ కొట్టినట్టుగా ఉందని పిలిచారు. ముందు గుడ్డతో అంచు తుడిచాను. చెక్క సుత్తితో చుట్టూ నాలుగైదు చోట్ల మెల్లగా తట్టాను. ఒకచోట మోత చటుక్కున తెగింది. ఆ చోట కిరోసిన్ రాసి, తుడిచేసి, పైన సుద్దపొడి చల్లాను. పది నిమిషాల తరవాత తెల్లని సుద్ద మీద వెంట్రుకంత సన్నని తడిగీత తేలింది. అంచు నుంచి పైకి జానెడు పొడవు. గంట లోపల వేలాడుతూ అంచును కొట్టే నాలుక తగిలే చోటు నుంచే మొదలైంది.

లోపలికి వంగి చూస్తే కారణం కనబడింది. గంటను ఊపే చక్రం పాడైపోతే, ఎవరో తెలివిగా నాలుకకే తాడు కట్టారు. కింద నిలబడి తాడు లాగితే నాలుక వెళ్లి అంచును కొడుతుంది. మోత వస్తుంది, ఖర్చు లేదు. కానీ గంట ఊగుతూ మోగేటప్పుడు నాలుక తగిలి వెంటనే వెనక్కి వచ్చేస్తుంది. ఇక్కడ లాగిన చెయ్యి నాలుకను అంచుకు అదిమిపట్టే ఉంచుతుంది. కంపించాలని చూసే లోహాన్ని కంపించనివ్వకపోతే ఆ ఒత్తిడంతా ఒకేచోట పడుతుంది. కొన్నాళ్లకు చీలుతుంది. ఈ ఒక్క తాడు వల్ల పోయినన్ని గంటలు పిడుగుల వల్ల పోయి ఉండవని నా నమ్మకం.

రెండో శత్రువు కంటికి కనబడదు. పాత గంటలలో నాలుకను వేలాడదీసే ఇనుప కొక్కేన్ని పోత పోసేటప్పుడే గంట తలలో ఇమిడ్చేవారు. ఇనుము తుప్పు పట్టినప్పుడు ఉబ్బుతుంది. కంచు సాగదు. తల లోపలి నుంచి పగుళ్లు మొదలవుతాయి. ఆ పాత ఇనుమును జాగ్రత్తగా తొలిచి తీసేసి, మధ్యలో బోల్టుతో కొత్త కొక్కెం బిగించాలి.

పగిలిన గంటలన్నీ చచ్చినట్టు కాదు. చర్చి గంట కాకపోయినా లండన్ బిగ్ బెన్ మంచి ఉదాహరణ. 1859లో మోగడం మొదలైన కొద్ది నెలలకే పగిలింది. సుత్తి బరువు ఎక్కువైంది. తేలికైన సుత్తి పెట్టి, దెబ్బ వేరేచోట పడేలా గంటను పావు చుట్టు తిప్పారు. ఆ పగులుతోనే ఇప్పటికీ మోగుతోంది. పావు చుట్టు తిప్పడం నేనూ తరచుగా చేసే పనే. నాలుక ఒకేచోట తగిలి అంచు అరిగిపోతే అదే మందు. పగులును వెల్డింగ్ చేయవచ్చు కూడా, కానీ గంట మొత్తాన్ని కొలిమిలో నెమ్మదిగా వేడి చేసి, అదే మిశ్రమంతో అతికి, మళ్లీ నెమ్మదిగా చల్లార్చాలి. జర్మనీలోని నోర్డ్‌లింగెన్ ఈ పనికి పేరు పొందింది. వీధి చివర గేట్లు అతికే మనిషి చేత చేయిస్తే జానెడు పగులు మూరెడు అవుతుంది.

అపోహ: పచ్చబడింది, తోమించి రంగు వేయించాలి.

వద్దు. ఆ పచ్చని పొర లోహాన్ని కాపాడుతుంది. ఇసుక కొట్టి శుభ్రం చేస్తే పోత మీది అక్షరాలు అరుగుతాయి. రంగు దట్టంగా పూస్తే మోత చస్తుంది. శుభ్రం చేయాల్సింది పావురాల రెట్టను. అది లోహాన్నీ, చెక్క దూలాలనూ తింటుంది. ఎండిన రెట్ట పొడి ఊపిరితిత్తులకు ప్రమాదం. ముక్కుకు మాస్కు లేకుండా ఎవరూ చీపురు పట్టుకోవద్దు. ముందు తడపండి, తరవాత ఎత్తండి, చివరగా కిటికీలకు వల బిగించండి.

అపోహ: గంట కొట్టడానికి కండబలం కావాలి.

ఉయ్యాల ఊపడం వచ్చినవారికి గంట కొట్టడం వచ్చు. సరైన క్షణంలో చిన్న లాగుడు చాలు, ఊపు అదే పెరుగుతుంది. బలవంతుడు కొత్తగా వస్తే తాడుతో కుస్తీ పడతాడు, పక్కనే అలవాటున్న ముసలమ్మ చిరునవ్వుతో మోగిస్తుంది. బలం కావాల్సింది గోపురానికి. ఇంగ్లాండ్ పద్ధతిలో గంటను పూర్తి చుట్టు తిప్పినప్పుడు దాని బరువుకు దాదాపు రెట్టింపు బలంతో గోడలను పక్కకు నెడుతుంది. కాబట్టి 'ఉన్న గోపురంలోనే ఇంకో పెద్ద గంట పెట్టండి' అన్నప్పుడు నేను ముందు గోడలు చూస్తాను.

నాలుకనూ చూస్తాను. జర్మనీలోని కొలోన్ చర్చిలో 24 టన్నుల సెయింట్ పీటర్ గంట ఉంది. 1923లో పోసినది. 2011 జనవరి 6న అది మోగుతుండగా వందల కిలోల బరువున్న నాలుక విరిగి కింద పడింది. అదృష్టం, ఎవరికీ ఏమీ కాలేదు.

అపోహ: గంట మోత పిడుగును చెదరగొడుతుంది.

ఇప్పుడెవరూ నమ్మరనుకుంటాం కానీ, ఐరోపాలో ఎన్నో పాత గంటల మీద 'బతికున్నవారిని పిలుస్తాను, చనిపోయినవారికై విలపిస్తాను, మెరుపులను విరగ్గొడతాను' అనే అర్థం వచ్చే లాటిన్ వాక్యం ఉంది. గాలివాన రాగానే గంట కొట్టేవాడు ఊరిలోకెల్లా ఎత్తైన కట్టడంలోకి పరుగెత్తి, తడిసిన తాడు పట్టుకునేవాడు. 1784లో మ్యూనిక్‌లో అచ్చయిన ఒక పుస్తకం 33 ఏళ్లలో 386 గోపురాల మీద పిడుగులు పడ్డాయని, 103 మంది గంట కొట్టేవారు చనిపోయారని లెక్క కట్టింది. గోపురానికి పిడుగు నిరోధకం పెట్టించండి. ఉరుముల వేళ తాడు జోలికి పోకండి.

అపోహ: మధ్యాహ్నం గంట బెల్‌గ్రేడ్ విజయానికి గుర్తు.

1456లో తురుష్కుల సైన్యం బెల్‌గ్రేడ్ కోటను ముట్టడించి ఓడిపోయింది. చర్చిలలో మధ్యాహ్నం మోగే గంట ఆ విజయానికే అంటారు. తారీఖులు చూడండి. పోప్ మూడో కల్లిస్టస్ గంటలు మోగించి ప్రార్థించమని ఆజ్ఞ ఇచ్చింది 1456 జూన్ 29న. ముట్టడి విఫలమైంది జులై 22న. కొన్ని చోట్లకు ఆజ్ఞ కంటే ముందు విజయవార్తే చేరింది, దాంతో రెండూ కలిసిపోయాయి. విన్నపానికి పుట్టిన గంట కృతజ్ఞతగా మారిపోయింది. ఇటలీలోని నోలా ఊరి బిషప్ పౌలినస్ చర్చి గంటను కనిపెట్టాడన్నదీ ఇలాంటిదే. తన చర్చిని వర్ణిస్తూ ఆయన రాసిన ఉత్తరంలో గంట ప్రస్తావనే లేదు.

అపోహ: అందరికీ ఫోన్లున్నాయి, ఆరాధనకు పిలవడానికి గంట ఎందుకు?

ఆరాధనకు పిలవడం గంట చేసే పనుల్లో ఒకటి మాత్రమే. నిప్పంటుకుంటే మోగేది, వరద వస్తే మోగేది, రాత్రి పొయ్యిలు ఆర్పమని మోగేది. ఇంగ్లాండ్‌లో చాలా ఊళ్లలో ఒక మనిషి పోతే ముందు మగవారికి మూడు మూళ్లు, ఆడవారికి మూడు రెళ్లు కొట్టి, తరవాత వయసెంతో అన్ని దెబ్బలు కొట్టేవారు. పొలంలో ఉన్నవారు పని ఆపి లెక్కపెట్టుకునేవారు. ఆ లెక్క పూర్తయ్యేసరికి ఎవరు పోయారో తెలిసిపోయేది. బ్రిటన్ 1940 జూన్‌లో చర్చి గంటలను ఆపించింది. శత్రువులు దిగితే హెచ్చరించడానికి మాత్రమే మోగించాలి. ఈజిప్టులోని ఎల్ అలమైన్ యుద్ధంలో గెలిచిన తరవాత 1942 నవంబరులో ఒక ఆదివారం మోగనిచ్చారు. నిషేధం పోయింది 1943లో. మోగని ఆ మూడేళ్లలోనూ గంట పనిలోనే ఉంది: అది మౌనంగా ఉన్నంత కాలం ఊరు క్షేమమని అర్థం.

నాకు ఇలాంటివి చెప్పేది ఎక్కువగా గంట కాదు, లెక్కల పుస్తకం. చెక్క సుత్తితో నేను పగులు పట్టుకున్న ఆ గోపురం కింద, పాత కుర్చీల వెనక ఒక బీరువా ఉంది. అందులోని చెదలు తిన్న పుస్తకంలో 'గంట తాడుకు' అనే పద్దు నాలుగైదేళ్లకు ఒకసారి కనబడింది. ఒకచోట మాత్రం రెండేళ్లలో మూడు తాళ్లు కొన్నారు. ఆ పేజీకి ఎదురుగా సమాధుల పద్దు చూస్తే అంటువ్యాధి ఏళ్లు అవి. ఇంకొంచెం వెనక్కి తిప్పితే పాత గంట బరువు, కరిగించాక తగ్గిన బరువు, కలిపిన కొత్త లోహం బరువు మూడూ ఒకే వరసలో రాసి ఉన్నాయి. అంటే పైనున్నది మొదటి గంట కాదు. మెట్లెక్కేటప్పుడు సంఘంతోపాటే పుట్టిన గంట అని నాకు చెప్పిన పెద్దాయన ఆ వరసను వేలితో రెండుసార్లు చదువుకున్నారు. తరవాత పుస్తకాన్ని తన సంచిలో పెట్టుకున్నారు. నాలుకకు కట్టిన తాడును ఆ సాయంత్రమే కోయించారు.