పక్షపాతాన్ని పట్టించే భావాలు: ఆఫీసు శిక్షణల వెనకున్న మూడు దశాబ్దాల కథ

ఇంటర్వ్యూ అయిపోయి అభ్యర్థి తలుపు దాటగానే ప్యానెల్‌లో ఎవరో ఒకరు అంటారు: "బాగున్నాడు, మన టీమ్‌లో కలిసిపోతాడు." లేదంటే, "ఏమో, ఎందుకో నాకు అంత నచ్చలేదు." ఈ రెండింటిలోనూ అభ్యర్థి పనితనం గురించి ఒక్క ముక్క లేదు. ఉన్నదల్లా చెప్పినవాళ్లకు లోపల కలిగిన హాయి, లేదా ఇబ్బంది. అది ఒకే కాలేజీ అవడం వల్ల కలిగిందా, యాస వల్లా, ఇంటిపేరు వల్లా అని ఎవరూ అడగరు. ఆ ప్రశ్న అడిగించడానికే కంపెనీల హెచ్‌ఆర్ విభాగాలు ఎమోషనల్ ఇంటెలిజెన్స్‌నీ (భావాలను గుర్తించి, అదుపులో పెట్టుకునే నేర్పు) అన్‌కాన్షస్ బయాస్‌నీ (మనకు తెలియకుండానే పనిచేసే పక్షపాతం) ఒకే శిక్షణలో కలిపి చెబుతున్నాయి. నిజానికి ఈ రెండు ఆలోచనలూ వేరువేరుగా పుట్టి, వేరువేరుగా పెరిగాయి. రెండింటి మీదా వాటి శక్తికి మించిన ప్రచారం జరిగింది. ఆ సంగతి తెలియకుండా పెట్టే శిక్షణ చివరికి ఒక సర్టిఫికెట్‌గానే మిగులుతుంది.

ముందు పక్షపాతం సంగతి. మనుషుల్ని గుంపులుగా విడదీసి చూడడం మామూలు మనసు చేసే మామూలు పనేనని, దురభిప్రాయాలకు వేరు అక్కడే ఉందని 1954లో అమెరికన్ మనస్తత్వవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ వాదించారు. 1989లో పట్రిషియా డివైన్ ఆ మాటను ప్రయోగానికి తెచ్చారు. ఒక వర్గం గురించి సమాజంలో చెలామణీలో ఉన్న ముద్ర, దాన్ని నమ్మేవాళ్ల మనసులోనూ నమ్మనివాళ్ల మనసులోనూ తనంతట తానే మెదులుతుంది. తేడా అంతా ఆ తరవాత దాన్ని పట్టుకుని సరిదిద్దుకోవడంలో ఉంది అన్నది ఆమె వాదన. తరవాత వచ్చిన పనికొచ్చే పద్ధతులన్నిటికీ ఈ "తరవాత సరిదిద్దుకోవడం" అన్నదే ఆధారం.

1995లో ఆంథొనీ గ్రీన్‌వాల్డ్, మహజరీన్ బనాజీ కలిసి రాసిన పత్రంతో ఈ రంగానికి ఒక చట్రం ఏర్పడింది. బనాజీ సికింద్రాబాద్ పార్శీ కుటుంబంలో పెరిగారు. నిజాం కాలేజీలో డిగ్రీ, ఉస్మానియాలో సైకాలజీ పీజీ చేశారు. ఢిల్లీ నుంచి హైదరాబాద్ వస్తుండగా రైలు ఆగిన ఒక జంక్షన్‌లో సోషల్ సైకాలజీ హ్యాండ్‌బుక్ అయిదు సంపుటాలు చవగ్గా దొరికితే కొన్నానని, ఇల్లు చేరేసరికి ఒక సంపుటం పూర్తయి, తాను చేయాల్సిన పని ఇదేనని తేలిపోయిందని ఆమె చెప్పుకున్నారు.

1998లో గ్రీన్‌వాల్డ్ బృందం ప్రచురించిన పరీక్ష చూడడానికి చాలా తేలిక. దాని ఒక రూపంలో తెర మీద ఒక్కో మాట వస్తుంది. మగవారి పేరు గానీ ఉద్యోగానికి సంబంధించిన మాట గానీ వస్తే ఎడమ మీట, ఆడవారి పేరు గానీ ఇంటికి సంబంధించిన మాట గానీ వస్తే కుడి మీట నొక్కాలి. కాసేపటికి జతలు మారతాయి: ఆడవారి పేర్లూ ఉద్యోగమూ ఒక మీటకు, మగవారి పేర్లూ ఇల్లూ ఇంకో మీటకు. రెండో జతకు చాలామంది వేళ్లు తడబడతాయి. ఆ ఆలస్యాన్ని మిల్లీసెకన్లలో కొలిచి, మనసులో ఏ రెండు విషయాలు గట్టిగా ముడిపడి ఉన్నాయో అంచనా వేస్తారు. ఇది అందరికీ ఆన్‌లైన్‌లో అందుబాటులోకి వచ్చాక లక్షలాది మంది రాశారు. అయితే ఒకే మనిషి రెండుసార్లు రాస్తే రెండు స్కోర్ల మధ్య సహసంబంధం (పూర్తిగా కలిస్తే 1, ఏమీ కలవకపోతే 0) సుమారు 0.5 మాత్రమే. ఒక గుంపు మొత్తం ఎటు మొగ్గుతోందో చెప్పడానికి అది చాలు, ఒక మేనేజర్ మీద ముద్ర వేయడానికి చాలదు. ఉద్యోగుల ఎంపికకు దీన్ని వాడొద్దని పరీక్ష నిర్వాహకులే హెచ్చరిస్తారు. అయినా శిక్షణ గదుల్లో ఈ స్కోరును రక్తపరీక్ష ఫలితంలా చదివి వినిపించేవారున్నారు. అది తప్పు.

మన దేశంలో దీనికి లెక్కలు లేకపోలేదు. 2005 అక్టోబర్ నుంచి సుఖదేవ్ థొరాట్, పాల్ అటెవెల్ 66 వారాలపాటు ఇంగ్లిష్ పత్రికల్లో వచ్చిన 548 ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు 4,808 దరఖాస్తులు పంపించారు. చదువులు సమానం, పేర్లే వేరు. అగ్రవర్ణ హిందువని తెలిసే పేరుతో పోలిస్తే, పిలుపు వచ్చే అవకాశ నిష్పత్తి దళితుడని తెలిసే పేరుకు 0.67, ముస్లిం పేరుకు 0.33 అని తేలింది. 2009లో వెలువడిన మరో అధ్యయనం ఢిల్లీ పరిసరాల్లోని 371 ఖాళీలకు 3,160 రెజ్యూమెలు పంపి చూసింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో కులాన్ని బట్టి తేడా కనిపించలేదు. కాల్ సెంటర్ ఉద్యోగాల్లో మాత్రం అగ్రవర్ణాలకూ ఓబీసీలకూ మధ్య తేడా స్పష్టంగా ఉంది. ముస్లింల విషయంలో వివక్ష కనబడలేదు. అంటే మొదటి అధ్యయనంతో ఇది అన్నిచోట్లా ఏకీభవించలేదు. మాకు తోచే వివరణ ఏమిటంటే, కోడ్ రాయగలరా లేదా అన్నది పరీక్ష పెట్టి చూడొచ్చు. "మాటతీరు బాగుందా" అన్నదానికి కొలబద్ద వినేవాళ్ల చెవే. కొలత ఎక్కడ మెత్తగా ఉంటుందో పక్షపాతానికి చోటు అక్కడే దొరుకుతుంది.

2007లో సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ 25 మంది హెచ్‌ఆర్ మేనేజర్లతో మాట్లాడి, తమకు ప్రతిభే ముఖ్యమని చెప్పేవాళ్లు కూడా "కుటుంబ నేపథ్యం" అడగడాన్ని తప్పుగా భావించడం లేదని గమనించారు. తెలుగువారి ఇంటర్వ్యూ గదుల్లో ఈ ప్రశ్న ఎలా వస్తుందో అందరికీ తెలుసు. "సొంతూరు ఎక్కడమ్మా? నాన్నగారు ఏం చేస్తారు?" అడిగేది ఆప్యాయంగానే. ఇంటిపేరు, పేరు చివరి తోక, జిల్లా, యాస కలిపితే కులమూ ప్రాంతమూ తేలడానికి రెండు నిమిషాలు పట్టదు. ఇక్కడ పక్షపాతం కోపంగానో ద్వేషంగానో రాదు. "మనవాడే" అన్న చనువుగా వస్తుంది. అందుకే దాన్ని పట్టుకోవడం కష్టం.

రెండో ఆలోచన ఎమోషనల్ ఇంటెలిజెన్స్. 1990లో పీటర్ సాలొవే, జాన్ మేయర్ ఈ పేరుతో పత్రం రాశారు. 1997లో దాన్ని నాలుగు నైపుణ్యాలుగా విడదీశారు: భావాలను గుర్తించడం, ఆలోచనకు వాడుకోవడం, అవి ఎలా పుట్టి ఎలా మారతాయో అర్థం చేసుకోవడం, అదుపులో పెట్టుకోవడం. మధ్యలో 1995లో డేనియల్ గోల్‌మన్ పుస్తకం దీన్ని ప్రపంచమంతా తిప్పింది. దానితోపాటే, ఐక్యూ కన్నా ఇదే గొప్పదన్న ప్రచారమూ పాకింది. ఆ ప్రచారానికి పరిశోధన మద్దతు లేదని మేయర్ స్వయంగా చెప్పాల్సి వచ్చింది.

ఈ రెంటినీ నిజంగా కలిపేవి పెద్దగా పేరుపడని కొన్ని ప్రయోగాలు. గాలెన్ బోడెన్‌హౌసెన్ 1990లో, పొద్దున చురుగ్గా ఉండేవాళ్లు రాత్రిపూట, రాత్రి చురుగ్గా ఉండేవాళ్లు పొద్దునపూట ఇతరుల గురించి తీర్పు చెప్పేటప్పుడు మూసముద్రల మీద ఎక్కువ ఆధారపడతారని చూపించారు. 1994లో ఆయన బృందం కోపంలో ఉన్నవాళ్లూ అంతేనని చూపింది. విచారంలో ఉన్నవాళ్లలో ఆ పెరుగుదల లేదు. అదే ఏడాది మరో పత్రంలో సంతోషంగా ఉన్నవాళ్లూ మూసముద్రలకే లోబడతారని తేలింది. 2004లో డేవిడ్ డిస్టెనో బృందం మరీ ముందుకెళ్లింది. అంచనాలు ఎక్కువ వేసేవాళ్లు, తక్కువ వేసేవాళ్లు అని అప్పటికప్పుడు కల్పించిన రెండు గుంపుల్లో మనుషుల్ని చేర్చి, కొందరికి కోపం తెప్పించారు. పాత పగలేవీ లేని ఆ ఉత్తుత్తి అవతలి గుంపు మీద కోపంలో ఉన్నవాళ్లకు వ్యతిరేకత పుట్టింది, మిగతావాళ్లకు పుట్టలేదు. 2007లో మాథ్యూ లీబర్‌మన్ బృందం మెదడు స్కానింగ్‌లో, కలిగిన భావానికి మాటల్లో పేరు పెడితే భయం లాంటి భావాలకు స్పందించే మెదడు భాగమైన అమిగ్డాలా స్పందన తగ్గుతుందని కనుగొంది.

క్లయింట్‌తో గొడవపడిన కాల్ ముగించి నేరుగా ఇంటర్వ్యూకి వచ్చే మేనేజర్‌కూ, ప్రమోషన్ వచ్చిన ఆనందంలో అప్రైజల్ రాసే మేనేజర్‌కూ ఈ ఫలితాలు సమానంగా వర్తిస్తాయి. తన స్థితి ఏమిటో తనకు తెలియడమే ఇక్కడ పనికొచ్చే ఎమోషనల్ ఇంటెలిజెన్స్. సహానుభూతి పెంచుకుంటే చాలని చెప్పే శిక్షకులతో మేం ఏకీభవించం. 1995లో డేనియల్ బాట్సన్ ప్రయోగంలో, జబ్బుపడిన ఒక పాప ఎలా బాధపడుతోందో ఊహించుకోమని చెప్పినవాళ్లలో ఎక్కువమంది, ఆమెకన్నా అవసరంలో ఉన్న పిల్లలను దాటించి ఆమె పేరును వెయిటింగ్ లిస్టులో పైకి జరిపారు. సహానుభూతి తనకు కనిపించినవారి వైపే మొగ్గుతుంది, మనలాంటివారు మనకు ముందు కనిపిస్తారు.

శిక్షణల వ్యాపారం ఊపందుకున్నది 2013 తరవాత. గూగుల్ తన ఉద్యోగులకు ఇలాంటి కార్యక్రమం మొదలుపెట్టిన ఏడాది అది. 2018 మే 29న స్టార్‌బక్స్ అమెరికాలో 8,000కు పైగా దుకాణాలను ఒక మధ్యాహ్నం మూసి సుమారు 1,75,000 మందికి శిక్షణ ఇచ్చింది. మరుసటి ఏడాదే రెండు గట్టి దెబ్బలు తగిలాయి. 492 అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణ, ఆ మీటల పరీక్షలో స్కోరు మారినా ప్రవర్తన మారుతుందని చెప్పలేమంది. 3,016 మంది ఉద్యోగులకు గంటపాటు ఆన్‌లైన్ శిక్షణ ఇచ్చి చూసిన మరో ప్రయోగంలో వైఖరులు కొంత మారాయి గానీ పని ప్రవర్తన దాదాపు కదలలేదు. 2020 డిసెంబర్‌లో బ్రిటన్ ప్రభుత్వం తన సివిల్ సర్వీసులో ఈ శిక్షణను ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ఒక్క పూట పాఠం అలవాటును మార్చదన్నదే ఇందులో మాకు కనిపించేది.

అలవాటుగా చేస్తే? డివైన్ బృందం 2012లో 91 మంది విద్యార్థులను 12 వారాలు పరిశీలించింది. మూసముద్ర మెదిలినప్పుడు దాన్ని గుర్తించి పక్కనపెట్టడం, దానికి భిన్నమైన మనుషుల్ని ఊహించడం, వ్యక్తి వివరాలు తెలుసుకోవడం, ఎదుటివారి కోణం చూడడం, పరిచయాలు పెంచుకోవడం అన్నవి వాళ్లలో కొందరికి నేర్పారు. అప్పట్లో నేర్చుకున్నవాళ్ల పరీక్ష స్కోర్లు తగ్గాయి. 2017లో ఇంకా పెద్ద బృందంతో చేసినప్పుడు స్కోర్లలో ఆ తేడా రాలేదు, కానీ పక్షపాతాన్ని గమనించి, అది తప్పు అని గుర్తించే అలవాటు పెరిగింది. గమనించే అలవాటుకు నిర్ణయాన్ని కట్టడిచేసే పద్ధతి కూడా తోడైతేనే ఫలితం.

ఆ పద్ధతికి బలమైన ఆధారం 2005లో ఎరిక్ ఉల్‌మన్, జెఫ్రీ కోహెన్ చేసిన ప్రయోగం. పోలీస్ చీఫ్ పదవికి ఇద్దరు అభ్యర్థులు, ఒక మగ, ఒక ఆడ: ఒకరికి వీధి అనుభవం, ఇంకొకరికి చదువు. అనుభవం ఉన్నది మగవాడికైతే, ఈ పదవికి అనుభవమే ముఖ్యమన్నారు. చదువు మగవాడికి ఇస్తే, చదువే ముఖ్యమన్నారు. అంటే ముందు మనిషి నచ్చాడు, ప్రమాణం తరవాత పుట్టింది. అభ్యర్థులను చూడకముందే ప్రమాణాలు ఖరారు చేయించినప్పుడు ఈ తేడా పోయింది.

కాబట్టి రెజ్యూమెలు తెరవకముందే నాలుగు నుంచి ఆరు ప్రమాణాలు, వాటి బరువులు రాసి, ప్యానెల్ అంతా సంతకం పెట్టాలి. అందరికీ అవే ప్రశ్నలు, అదే వరసలో. ప్రతి జవాబుకూ అప్పుడే 1 నుంచి 5 మార్కులు. 1 అంటే ఎలాంటి జవాబో, 5 అంటే ఎలాంటిదో ముందే రాసి ఉండాలి. ఎవరి మార్కులు వారు పంపించాకే చర్చ, అందులో అందరికన్నా సీనియర్ చివర మాట్లాడాలి. లేకపోతే మిగతావాళ్ల మార్కులు ఆయన వైపు జరుగుతాయి. "కల్చర్ ఫిట్" అనే గడి తీసేయాలి. సొంతూరు, నాన్నగారి ఉద్యోగం అడగకూడదు. ఇంటర్వ్యూకీ ఇంటర్వ్యూకీ మధ్య పది నిమిషాలు ఖాళీ ఉంచాలి.

మార్కుల షీటు పక్కన ఇంకో చిన్న కాగితం. అందులో రెండే గడులు: "ఇప్పుడు నాకు కలుగుతున్న భావం", "దాన్ని కలిగించిన మాట లేదా దృశ్యం". ఉదాహరణకు మొదటి గడిలో "చిరాకు" అని, రెండో గడిలో "ఇంగ్లిష్‌లో తడబడుతూ మొదలుపెట్టాడు" అని వచ్చిందనుకోండి. ఆ ఉద్యోగానికి ఇంగ్లిష్ మాటతీరు ప్రమాణాల్లో లేకపోతే ఆ జవాబుకు వేసిన మార్కును మళ్లీ చూడాలి. "హాయి" అని రాసి, కారణంగా "మా కాలేజీయే" అని వచ్చినా అంతే. ఎక్కువమంది మర్చిపోయేది ఈ హాయి సంగతే.

ఈ కాగితం చెడిపోయే దారులు కొన్ని ఉన్నాయి. సాయంత్రం కూర్చుని అన్నీ ఒకేసారి నింపితే జ్ఞాపకం నిర్ణయానికి తగ్గట్టు మారిపోతుంది. హెచ్‌ఆర్ వాటిని సేకరిస్తుందని తెలిస్తే అందరూ "మామూలుగా ఉంది" అనే రాస్తారు, అందుకే అది రాసినవారి దగ్గరే ఉండాలి. "నా పక్షపాతం నాకు తెలుసు" అని రాసుకున్నందుకే మార్కు సరిచేయకుండా తృప్తిపడేవాళ్లూ ఉంటారు.

అప్రైజల్‌లోనూ ఇదే సూత్రం. "ఆమె కొంచెం దూకుడు", "అతనిలో లీడర్‌షిప్ కనిపించదు" లాంటి వాక్యాలను వెనక్కి పంపి సంఘటన, తేదీ, ఫలితం అడగాలి. మూడు నెలలకోసారి రెజ్యూమె వడపోత, ఇంటర్వ్యూ, ఆఫర్ అనే ఒక్కో మెట్టులో ఏ వర్గం ఎంత శాతం దాటిందో చూడాలి. అమెరికాలో 1978 నుంచి వాడుకలో ఉన్న అయిదింట నాలుగు నియమం ఇక్కడ పనికొస్తుంది: ఒక వర్గం ఎంపిక రేటు అన్నిటికన్నా ఎక్కువ రేటులో 80 శాతం కన్నా తక్కువైతే ఆ మెట్టును విప్పి చూడాలి. పదిమంది అభ్యర్థులున్న చోట ఈ లెక్క ఊగిసలాడుతుంది కాబట్టి చిన్న కంపెనీలు ఏడాది మొత్తం సంఖ్యలను కలిపి చూసుకోవాలి.