లాఖ్ పప్పు, వెనక్కి తిరిగే టర్బైన్

సిరోంచ నుంచి ఒక పాఠకుడు అడిగారు: "లాఖ్ పప్పు తింటే కాళ్లు పడిపోతాయని మా నాయనమ్మ అనేది. నిజమేనా, చేతబడి లాంటి మాటేనా?"

నిజమేనండి. గడ్చిరోలి, చంద్రపూర్ వైపు వరి కోయకముందే తడి మడిలో చల్లేసే ఖేసరి ఇదే. అప్పుడప్పుడూ వండుకుంటే కాదు, కరువులో వేరే తిండి లేక నెలల తరబడి అదే తిన్నవాళ్లకు మోకాళ్లు బిగుసుకుపోయి, మునివేళ్ల మీద, ఒక కాలికొకటి అడ్డం పడుతూ నడిచే గతి పడుతుంది. దీంట్లో ఏ శాపమూ లేదు, ఓడాప్ అనే అమైనో ఆమ్లం ఉంది. 1964లో బెంగళూరు ఐఐఎస్సీలో ఎస్.ఎల్.ఎన్. రావు, అడిగ, శర్మ దాన్ని విడదీశారు. చూడ్డానికి అది గ్లూటమేట్‌లా ఉంటుంది, తంటా అంతా అక్కడే.

గ్లూటమేట్ ఒక నరకణం పక్కదాన్ని ఉసిగొల్పడానికి వదిలే రసాయనం. పని కాగానే ఏరిపారేయాలి. అది గానీ, దాని పోలికతో వచ్చిన ఓడాప్ గానీ పోకుండా తట్టుతూనే ఉంటే కాల్షియం దారులు తెరుచుకునే ఉంటాయి, బయట కాల్షియం లోపలికంటే దాదాపు 10,000 రెట్లు ఎక్కువ, ఇక ఆగుతుందా!

మైటోకాండ్రియా "కణం పవర్‌హౌస్" అని బడిలో బట్టీ పట్టిస్తారు, ఆ పవర్ ఎలా పుడుతుందో మాత్రం చెప్పరు, నాకు ఒళ్లు మండేది అందుకే. అదొక డ్యామ్. లోపొర అవతలికి ప్రోటాన్లను తోడి నిల్వ చేస్తుంది, అవి కిందికి దిగుతూ ఏటీపీ సింథేస్ అనే టర్బైన్‌ను నిజంగానే గిర్రున తిప్పుతాయి, కణం పనులకు ఇంధనమైన ఏటీపీ తయారవుతుంది. నీటిమట్టం బదులు ఇక్కడ వోల్టేజి, 150-180 మిల్లీవోల్టులు, లోపలివైపు ఋణం. రెండు ధనావేశాలున్న కాల్షియాన్ని అదే లోపలికి లాగేస్తుంది. కొద్దిగా వస్తే మేలే, ఎంజైములు జోరందుకుంటాయి. మరీ ఎక్కువైతే లోపొరలో పెద్ద రంధ్రం తెరుచుకుంటుంది, డ్యామ్‌కు గండి. మట్టం పడిపోయాక అసలు విడ్డూరం: టర్బైన్ వెనక్కి తిరుగుతుంది! ఏటీపీ ఇవ్వాల్సిన యంత్రమే ఉన్న ఏటీపీని విరగ్గొట్టి ప్రోటాన్లను పైకి తోడటం మొదలుపెడుతుంది. కాల్షియాన్ని బయటికి గెంటే పంపులకూ, గ్లూటమేట్‌ను ఏరడానికి ఆధారమైన సోడియం పంపుకూ కావలసింది ఆ ఏటీపీయే. మూలిగే నక్క మీద తాటిపండు! మెదడులో రక్తం అందని చోట కణాలు చచ్చే దారుల్లో ఇదొకటి.

ఓడాప్ ఇంకో దెబ్బ కూడా వేస్తుంది. ప్రోటాన్లను తోడే పంపుల్లో మొదటిదైన కాంప్లెక్స్ 1 దానివల్ల మందగిస్తుందని ఎలుకల మీద ప్రయోగాల్లో తేలింది. అంటే గండి ఒకవైపు, పైనుంచి వచ్చే నీరు తగ్గడం ఇంకోవైపు.

మరి అజినోమోటో? అదీ గ్లూటమేట్ ఉప్పే కదా. 1969లో జాన్ ఓల్నీ అప్పుడే పుట్టిన ఎలుకపిల్లలకు సూదితో ఎక్కించి మెదడు దెబ్బతినడం చూపించాడు, టెన్షన్ అక్కడ మొదలైంది. నోటితో తిన్న గ్లూటమేట్‌ను చాలామటుకు పేగులే వాడేసుకుంటాయి, మిగిలినదాన్ని మెదడు గుమ్మంలోనే ఆపేస్తుంది. నూడుల్స్ తినండి.

లాఖ్ పప్పు వండాలనుకుంటే మాత్రం వేడినీళ్లలో బాగా నానబెట్టి ఆ నీళ్లు పారబోయండి, ఓడాప్ నీళ్లలో కరిగి చాలావరకు పోతుంది. పారబోయడం ముఖ్యం, చారు పెట్టకండి.