బడి దానంతటదే మూతపడుతుందా?

"పది మంది పిల్లలకు ఇద్దరు సార్లా? దుడ్లు దండగ కాదా?" అని ఆదోని వైపు నుంచి ఒక పాఠకుడి ప్రశ్న. 60 మంది దాకా ఎందరున్నా ప్రాథమిక బడికి ఇద్దరు ఉపాధ్యాయులుండాలని 2009 విద్యాహక్కు చట్టమే చెబుతోంది. కాబట్టి జవాబు ఒక్క ముక్కలో అయిపోయింది. అసలు విషయం ఆ "దండగ"లో ఉంది.

ఇద్దరి జీతం ఏడాదికి 12 లక్షలనుకుందాం. 60 మంది ఉంటే తలకు 20,000. పది మందే మిగిలితే 1,20,000. జీతం పైసా పెరగలేదు, భాగించే అంకె తగ్గింది, అంతే. అయినా "ఒక్కో పిల్లవాడి మీద ఖర్చు ఆరింతలైంది" అనొచ్చు, అబద్ధమూ కాదు. కోసిగి, మంత్రాలయం పల్లెల్లో జనం సుగ్గికి (కూలికి వలస) పోయిన నెలలో తలలు లెక్కబెడితే ఇంకా పెద్ద అంకె వస్తుంది.

ఇంతకన్నా గట్టి పని క్రియాపదం చేస్తుంది. అనంతపురంలో "వాన పడలేదు" అంటే ఎవరినీ నిలదీయలేం. "బడి మూతపడింది", "పోస్టులు ఖాళీగా ఉన్నాయి", "నిధులు మురిగిపోయాయి" కూడా అదే అచ్చులో పోసిన వాక్యాలు. వానకైతే కప్పల పెళ్లి చేసే ఊళ్లున్నాయి, గ్రాంటుకు ఆ దారీ లేదు. వాక్యాన్ని తిప్పి చూడండి: "మూసేశారు" అనగానే ఏ జీవోతో అని అడుగుతాం. "భర్తీ చేయలేదు" అంటే ఎన్నేళ్లుగా అని. మురిగిన నిధులంటే, మార్చి 31 లోపు బిల్లు ట్రెజరీకి పంపలేదు, లేదా పంపినా పాస్ చేయలేదు. రెండింటికీ బాధ్యులు వేరు.

2022లో ఆంధ్రప్రదేశ్‌లో 117 జీవో కింద 3, 4, 5 తరగతులను దగ్గరి హైస్కూళ్లకు మార్చినప్పుడు ప్రభుత్వం "మ్యాపింగ్" అంది, ఉపాధ్యాయ సంఘాలు "విలీనం" అన్నాయి. ఏ పేరు పెట్టినా, ఐదు తరగతుల్లో మూడు పోయిన బడిలో తలలు తగ్గుతాయి. పై భాగహారం మళ్లీ మొదలు.

పేరు మారిస్తే అభిప్రాయం అంత మారుతుందా? 1980లలో అమెరికా జనరల్ సోషల్ సర్వేలో "పేదలకు సాయం" మీద పెట్టే ఖర్చు చాలడం లేదన్నవాళ్లు 60 శాతం పైనే. అదే ప్రశ్నలో "వెల్ఫేర్" (పేదలకు సర్కారిచ్చే సాయానికి అక్కడి మాట) అని రాస్తే పావు వంతు దగ్గరే ఆగారు.

మీ బడి పేరెంట్స్ కమిటీలో ఇది చేసి చూడొచ్చు. సగం చీటీల్లో "చిన్న బడులకు ఖర్చు తగ్గించాలా?", సగంలో "చిన్న బడుల సార్లను తీసేయాలా?" అని రాసి, పేకముక్కల్లా కలిపి పంచాలి. ఆడవాళ్లకు ఒకటి, మగవాళ్లకు ఒకటి ఇస్తే పరీక్ష చెడినట్టే. ఒక్కో గుంపులో ఎందరున్నారో దాని వర్గమూలంతో 1.4ను భాగించండి. 20 మందికి 0.31 వస్తుంది, అంటే 31 శాతం. రెండు గుంపుల్లో "అవును" అన్నవాళ్ల మధ్య ఆరేడుగురి తేడా లేకుంటే అది యాదృచ్ఛికమే కావచ్చు. 200 మంది చొప్పున ఉంటే పది శాతం తేడా చాలు. చదువు రానివాళ్లకు చీటీ చదివి చెప్పే మనిషి ఒక్కరే ఉండాలి, అదీ ఒక్కొక్కరిని పక్కకు పిలిచి. అరుగు మీద అందరి ముందు చదివితే రెండో ప్రశ్న మొదటి గుంపు చెవిన కూడా పడుతుంది.