తావిలిస్ అంటే కవళ్లే కదా సార్!

ఫిషరీస్ డిప్లొమా పిల్లలకి పాఠాలు చెప్తుంటాను. కవళ్ల (సార్డిన్ చేపల) పాఠం వచ్చినప్పుడల్లా ఒక చేపని చేతికిచ్చి, పొట్ట కింద తోక నుంచి తల వైపుకి వేలితో రుద్దమంటాను. రంపంలా గరగరలాడుతుంది. ఆ రంపం ఉన్న సార్డినెల్లా అనే కవళ్ల జాతి చేపలన్నీ ఉప్పునీటివే, ఒక్క తావిలిస్ తప్ప. అది ఉండేది ఫిలిప్పీన్స్‌లో, బతాంగాస్‌లోని టాల్ సరస్సులో. దాని పేరెత్తగానే క్లాసులో వినపడే మాటలివి.

అపోహ: ఇక్కడ తగ్గితే ఇంకోచోట దొరుకుతాయి.

మన కవళ్లకైతే ఆ మాట కొంత చెల్లుతుంది, సముద్రం పెద్దది కాబట్టి. తావిలిస్‌కి ప్రపంచం మొత్తంలో ఆ ఒక్క సరస్సే దిక్కు. 2019లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ దాన్ని అంతరించే ప్రమాదమున్న జాతుల్లో చేర్చింది.

అపోహ: పులసలా సముద్రానికి పోయి వస్తుంది.

లేదు. పులస సముద్రంలో పెరిగి, గోదావరికి ఎర్రనీరు రాగానే గుడ్లు పెట్టడానికి ఎదురెక్కుతుంది. తావిలిస్ పుట్టేదీ పోయేదీ సరస్సులోనే. ఒకప్పుడు టాల్ సరస్సు సముద్రంతో కలిసే ఉండేది. 1754లో అగ్నిపర్వతం నెలల తరబడి పేలి ఆ దారి పూడిపోయింది, సన్నటి పన్‌సిపిట్ నది మాత్రం మిగిలింది. వాననీటికి సరస్సులో ఉప్పు క్రమంగా విరిగిపోయింది. తావిలిస్‌కి దగ్గరి చుట్టం, హువాలియెన్సిస్ అనే కవళ్ల రకం, ఇప్పటికీ తైవాన్ వైపు సముద్రంలోనే ఉంది.

అపోహ: కాలుష్యం వల్లే తగ్గింది, వేట వల్ల కాదు.

రెండూ ఉన్నాయి. గుంపుగా తిరిగే చేప కాబట్టి చుట్టువల వేస్తే మంద మొత్తం ఒక్కసారే పడుతుంది. మరోపక్క, తిలాపియా పంజరాల్లో మిగిలిన మేత అడుగున కుళ్లి నీటిని పాడు చేస్తుంది. మేత ఎక్కువైన చెరువులో తెల్లవారుజామున ఆక్సిజన్ చాలక చేపలు నోళ్లు తెరుచుకుని పైకి తేలడం చూసినవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ఏటా మార్చి, ఏప్రిల్‌లలో అక్కడ తావిలిస్ వేట ఆపుతారు, మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు ఆపినట్టే.

అపోహ: చెరువులో పెంచేస్తే పోలా?

బొచ్చె, శీలావతి పెంచిన చేతులకి ఇది చిన్న పనిలా కనిపిస్తుంది. ఒకసారి పిల్లల సరదా కొద్దీ బతికున్న కవళ్లని డ్రమ్ములో తెప్పించాను. ల్యాబుకి చేరేసరికి నీటి నిండా పొలుసులే, ఒక్క చేపా బతకలేదు. తావిలిస్‌దీ అదే ఒళ్లు. చేయి తగిలితే చాలు, పొలుసు రాలిపోతుంది.

అపోహ: మా అన్నయ్య తగాయ్‌తాయ్‌లో తిన్నాడు సార్, బోలెడున్నాయట!

తగాయ్‌తాయ్ టాల్ సరస్సు పక్కనున్న ఊరు. ఆ మాటన్న కుర్రాడి అన్నయ్య ఫిలిప్పీన్స్‌లో మెడిసిన్ చదువుతున్నాడు. తినే ఉంటాడు, కాదనను. కానీ బయటి నుంచి తెచ్చిన హిల్సాని ఇక్కడ గోదావరి పులసగా అమ్మినట్టు, అక్కడ సముద్రపు కవళ్లని తావిలిస్ పేరుతో అమ్ముతారు. కరకరలాడేలా వేయించి పళ్లెంలో పెట్టాక రెండిటికీ తేడా నన్నడిగినా చెప్పలేను.