రోహిణి కార్తెలో తూటా

గుంటూరు నుంచి ఒక పాఠకుడు అడిగారు: “మా తాతగారికి లైసెన్సు రైఫిలుండేది. వేసవిలో తూటాల పెట్టెను మంచినీళ్ల కుండ పక్కనే పెట్టేవారు. వేడి తూటా పెడితే తుపాకి అలుగుతుందట. ఇది ఉత్త నమ్మకమేనా?”

తుపాకి అలకేమో గానీ, పేలాక తూటా ఇత్తడి గుల్ల మాత్రం లోపలే బిగుసుకుని, రానని మొండికేస్తుంది. తాతగారు చూసింది నిజమే. పేరే అలక అని పెట్టారు.

పాత బ్రిటిష్ వేట తూటాల్లో ఎక్కువగా వాడిన మందు కార్డైట్. 1889లో ఏబెల్, డ్యూవర్ అనే ఇద్దరు రసాయనవేత్తలు బ్రిటన్‌లో తయారుచేశారు. చూడటానికి అచ్చం సేమియా పుల్లలే. మొదటి రకంలో నైట్రోగ్లిసరిన్ 58 పాళ్లు, గన్‌కాటన్ (ఆమ్లాలతో పేలుడు గుణం తెప్పించిన పత్తి) 37, వాజలైన్ 5. తుపాకి గొట్టానికి జిడ్డుగా ఉంటుందని వాజలైన్ కలిపితే, మందు పాడవకుండా కాపాడుతున్నదీ అదేనని తర్వాత తెలిసింది. మన కెమిస్ట్రీ మాస్టార్లు ఇలాంటివి చెప్పకుండా సమీకరణాలు బట్టీ పట్టిస్తారు!

ఇక అసలు సంగతి. వంటింట్లో కుక్కర్ పెడతాం. లోపల ఆవిరి ఎంత పెరిగినా కింద స్టవ్ మంట పెద్దదవదు. తూటాలో అవుతుంది. పీడనం పెరిగితే మందు ఇంకా వేగంగా మండుతుంది, దాంతో గ్యాసు పెరుగుతుంది, పీడనం మళ్లీ పెరుగుతుంది. ఈ కుక్కర్‌కి మూత గుండే. అది గొట్టంలో ముందుకు జరిగేకొద్దీ గ్యాసుకు చోటు దొరికి పీడనం దిగుతుంది. స్టవ్ చెలరేగుతుంటే మూత పారిపోతుంటుంది. ఈ పందెం సెకనులో ఒకటి రెండు వేయో వంతుల్లో తేలిపోవాలి.

ఇప్పుడు ఎండను కలపండి. మందు పైపొర అంటుకోవాలంటే అటూ ఇటూగా 170 డిగ్రీలకు చేరాలి. లండన్‌లో 15 డిగ్రీల దగ్గర బయల్దేరిన పొర 155 డిగ్రీలు ఎక్కాలి. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో, బెజవాడ 45 డిగ్రీల్లో బయల్దేరిన పొరకు 125 చాలు. ఒక్క పొరకు ఆదా అయ్యేది చిల్లరే. కానీ అది పందెంలోకి దిగాక చక్రవడ్డీలా పెరుగుతుంది, గుండు జరిగేలోపే పీడనం మీద పడుతుంది, ఆ పీడనానికే గుల్ల లోపల బిగుసుకుంటుంది. అందుకే బ్రిటిష్ కంపెనీలు వేడి దేశాలకు కార్డైట్ తగ్గించిన తూటాలు విడిగా చేసేవి. 1911 నాటి .416 రిగ్బీ అనే వేట తూటా గుల్ల అంత పెద్దగా ఉండటానికీ ఇదే కారణం: చోటు ఎక్కువుంటే పీడనం అదుపులో ఉంటుంది.

అమెరికాలాంటి చోట్ల పాత రైఫిళ్లవాళ్లు తూటాలు సొంతంగా నింపుకుంటారు. కార్డైట్ ఇప్పుడు దొరకదు, కొత్త మందుతో సర్దుకోవాలి. తయారీదారులు అచ్చువేసిన పట్టికలో తక్కువ కొలతతో మొదలుపెట్టి, గ్రెయిన్‌లో భాగాల చొప్పున పెంచుతూ, ప్రతిసారీ గుల్ల ఎలా ఊడొచ్చిందో చూస్తారు. గ్రెయిన్ అంటే 64.8 మిల్లీగ్రాములు, కంసాలి తూచే గురివింద గింజలో దాదాపు సగం. అంత జాగ్రత్తగా తూచినా, చలికాలంలో కుదిరిన కొలత ఎండాకాలంలో బెడిసికొట్టవచ్చు.

మనకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట ముచ్చట ముగిసింది. ఇంతకీ ఆ పెట్టె ఇంకా మీ అటక మీదే ఉందా? ఉంటే మూత తీయకండి, కుండ పక్కకూ చేర్చకండి. ఇన్ని వేసవులకు వాజలైన్ ఓపిక కూడా అయిపోయి ఉంటుంది. పోలీస్ స్టేషన్‌కు కబురు పెట్టండి, వాళ్లే వచ్చి తీసుకెళ్తారు.